పింజారి అంటే తిట్టు కాదు తమ్ముళ్లూ

మా పొన్నూరు వైపు తిరనాళ్లలో కుర్రోళ్లు డీజేకి ఎగిరితే చాలు, పాటలు పిల్లల్ని పాడుచేస్తున్నాయని పెద్దోళ్లు తిడతారు. ఈ తిట్టు పాతదే. 1950ల్లో అమెరికాలో రాక్ అండ్ రోల్ వచ్చినప్పుడూ ఇదే గోల. ఎల్విస్ ప్రెస్లీ నడుం ఊపితే కుర్రకారు చెడిపోద్దని 1957 జనవరిలో టీవీవోళ్లు ఆయన్ని నడుం పైదాకే చూపించారు. కానీ ఆ పాటకి దారేసింది నల్లజాతి జనం. అందులో ఒకామె రొసెట్టా థార్ప్. 1915లో పత్తి ఏరే కూలోళ్ల ఇంట్లో పుట్టి, గిటార్ పట్టి జనాన్ని ఊపేసింది. 1973లో చనిపోతే చాలా ఏళ్లు ఆమె సమాధి మీద పేరు రాసిన రాయి కూడా లేదు.

అమెరికాలో ఆ గోలకి పదేళ్ల ముందే మన పత్తి నేల మీద ఇట్టాంటోడే ఒకాయన లేచాడు. ఆయనే షేక్ నాజర్.

1920 ఫిబ్రవరి 5న తాడికొండ దగ్గర పొన్నెకల్లులో దూదేకులోళ్ల ఇంట్లో పుట్టాడు. దూదేకుల అన్నా పింజారి అన్నా ఒకటే, పత్తి ఏకి బతికే కులం. వాళ్లు ఏకిన దూది పరుపు మీద హాయిగా పడుకున్న ఊళ్లు వాళ్ల కులం పేరునే తిట్టు చేశాయి.

ఇంట్లో పేదరికం. అయినా సంగీతం నేర్చుకున్నాడు, చిన్నప్పుడే నాటకాల్లో వేషాలు కట్టాడు. 1940ల్లో కమ్యూనిస్టుల ప్రజానాట్యమండలిలోకి వచ్చాక బుర్రకథే ఆయన బతుకైంది. జంగాలు ఇల్లిల్లూ తిరిగి చెప్పుకునే పాత కథని ప్రజానాట్యమండలి నడివీధి సభకి తెచ్చింది. మధ్యలో తంబురాతో కథకుడు, అటొకడు ఇటొకడు వంతలు. ఒక వంత నవ్విస్తాడు. రెండోవాడు రాజకీయం మాట్లాడతాడు. అసలు కిటుకు ఆ రెండోవాడిలోనే ఉంది. కథ పల్నాటి యుద్ధమే కావచ్చు, మధ్యలో అడ్డం తగిలి ఈనాటి దొరల సంగతీ, ఆకలి సంగతీ ఎత్తుతాడు. 1943లో బెంగాల్‌లో కరువొస్తే నాజర్ దాని మీదా కథ కట్టాడు. ఆయన గజ్జె కట్టి గెంతి చెబుతుంటే కూలిజనం, కుర్రకారు నేల మీద కూర్చుని తమ బతుకునే విన్నారు.

అందుకే సర్కార్లకి గుబులు పుట్టింది. మద్రాసులో తెల్లోళ్ల ప్రభుత్వం, హైదరాబాదులో నిజాం ప్రభుత్వం బుర్రకథని నిషేధించాయి. అమెరికా పెద్దోళ్లు నడుం ఊపుకి భయపడితే, ఇక్కడి ఏలికలు మాటకి భయపడ్డారు. నా మటుకు నాకు రెండో భయమే పెద్దదనిపిస్తది.

చివరికి ఆ ప్రభుత్వాలు పోయాయి, బుర్రకథ మిగిలింది. 1986లో నాజర్‌కి పద్మశ్రీ ఇచ్చారు. 1997 ఫిబ్రవరి 21న కన్నుమూశాడు. బిరుదుల కంటే నాకు ఆయన చేసిన ఇంకో పని గొప్పగా తోస్తది. ఆయన చెబుతుంటే అంగడాల వెంకట రమణమూర్తి రాసిన జీవితకథకి పేరు ‘పింజారి’. జనం తిట్టిన మాటనే అట్ట మీద పెద్దక్షరాలతో వేయించుకున్నాడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, డీజేకి ఎగరండి, నేనొద్దనను. కానీ ఈసారి తిరనాళ్లకి ఒక బుర్రకథ దళాన్నీ పిలవండి. డబ్బులు బేరమాడకుండా ఇవ్వండి. రాజకీయం చెప్పే వంతని మాత్రం నోరు మూసుకోమనకండి. ఇంకెప్పుడూ ఎవుణ్ణీ పింజారి అని తిట్టకండి.