ఆటపై తరగని అనురక్తి — కోటా రామస్వామిగారి జీవితము

నెల్లూరు సీమ సముద్రతీర గ్రామములలో సాయంకాలపు వేళ సరుగుడు తోపుల నడుమ ఇసుకనేలపై బాలురు క్రికెట్టు ఆడుచుండుట సర్వసాధారణమైన దృశ్యము. బ్యాటు లేనిచోట తాటిమట్టయు, వికెట్లు లేనిచోట మూడు పుల్లలును వారికి చాలును. దక్షిణదేశపు భారతీయులలో ఈ ఆటను పాదుకొల్పినది ఒక తెలుగు కుటుంబమని ఆ బాలురలో కొందరికే తెలిసియుండును. ఆ కుటుంబమున జన్మించి, రెండు వేరువేరు ఆటలలో భారతదేశమునకు ప్రతినిధిగా నిలిచిన ధన్యుడు శ్రీ కోటా రామస్వామి.

ఒకప్పుడు ఈ తీరము వెంట బకింగ్‌హాము కాలువలో పడవలు ఉప్పును, కట్టెలను మద్రాసునకు చేరవేయుచుండెడివి. 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడువరకు నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రములోనిదే. చదువునకైనను, వ్యాపారమునకైనను ఈ ప్రాంతమువారు చేరు మహాపట్టణము మద్రాసే. ఆ పట్టణమున 1896వ సంవత్సరము జూను 16వ తేదీన రామస్వామిగారు జన్మించిరి. తండ్రి మోతవరపు వెంకటమహీపతి నాయుడుగారు. లోకము వారిని బుచ్చిబాబు అను ముద్దుపేరుతోనే ఎరుగును. మాతామహులకు దత్తుడగుటచే రామస్వామిగారికి కోటావారి యింటిపేరు వచ్చెను.

తండ్రి కథ తెలియనిదే కుమారుని కథ బోధపడదు. ఆ దినములలో మద్రాసు క్రికెట్ క్లబ్బు యూరోపియనులకు మాత్రమే పరిమితమై యుండెను. చేపాకు మైదానమున తెల్లవారితో ఆడుటకు పిలువబడిన భారతీయులు భోజనవేళ చెట్టునీడను కూర్చుండవలసి వచ్చెడిది; భవనములోనికి వారికి ప్రవేశము లేదు. బుచ్చిబాబుగారు ఈ అవమానమునకు కోపించి ఊరకుండలేదు. 1888లో మద్రాసు యునైటెడ్ క్లబ్బును స్థాపించిరి. సొంత ధనముతో బ్యాట్లు, బంతులు, దుస్తులు సమకూర్చి యువకులకు ఆట నేర్పించిరి. భారతీయులు యూరోపియనులతో సమానస్కంధులై ఆడు ప్రెసిడెన్సీ పోటీని 1908లో ఏర్పాటు చేసిరి. కాని ఆ పోటీ జరుగుటకు ముందే వారు పరమపదించిరి. అప్పటికి రామస్వామిగారు పన్నెండేండ్ల బాలుడు. తండ్రి విడిచిపోయిన ఆస్తులలో ఆటపై గల అనురాగమే ఆ బాలునకు అన్నిటికంటె విలువైనదాయెను.

అన్నలు భట్టు, బాలయ్యగార్లతో కలిసి పెరుగుచు వారు ఎడమచేతి వాటపు ఆటగాడుగా పేరు తెచ్చుకొనిరి. వెస్లీ ఉన్నత పాఠశాలలోను, ప్రెసిడెన్సీ కళాశాలలోను చదివిరి. తండ్రి తలపెట్టిన ప్రెసిడెన్సీ పోటీలో పందొమ్మిదవ యేట భారతీయుల పక్షమున ఆడిరి. తండ్రి చూడని పోటీలో కుమారుడు బ్యాటు పట్టుట విధి చేసిన ఒక చిన్న న్యాయము.

మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట 1919లో ఉన్నతవిద్యకై రామస్వామిగారు ఇంగ్లండునకు పయనమై కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చేరిరి. క్రికెట్టునకు పుట్టినిల్లు ఇంగ్లండు. చేపాకు మైదానమున పేరు తెచ్చుకొన్న యువకునకు ఆ దేశమున తన ఆట మరింత వికసించునని ఆశ కలుగుట సహజము. కాని కేంబ్రిడ్జి క్రికెట్టు జట్టులో వారికి స్థానము లభింపలేదు. దేశము కాని దేశమున, చలిలో, చిననాటి నుండి ప్రాణసమానమైన ఆట దూరమైనప్పుడు మరియొకరైనచో గదిలో కూర్చుండి దిగులు పడియుందురు. రామస్వామిగారు బ్యాటును ప్రక్కనపెట్టి టెన్నిసు రాకెట్టును చేపట్టిరి.

ఆ ఆటయందును వారు సామాన్యులుగా మిగిలిపోలేదు. విశ్వవిద్యాలయము పక్షమున టెన్నిసు ఆడిరి. 1922లో డేవిసు కప్పు పోటీలలో భారతదేశము పక్షమున డాక్టరు ఫైజీతో జతగూడి ఆడిరి. రుమేనియా జట్టును జయించిన ఆ భారత బృందమున ఒక తెలుగువాడు ఉండెనని తలచుకొనుట మనకు గర్వకారణము. ఆ సంవత్సరమే వింబుల్డను మైదానమునందును వారు పాల్గొనిరి. ఒక ద్వారము మూసికొనగా మరియొక ద్వారమును తట్టి తెరిపించుకొన్నవారు వారు.

1923లో చదువు ముగించి స్వదేశమునకు మరలివచ్చి, మద్రాసు ప్రభుత్వ వ్యవసాయశాఖలో ఉద్యోగము నిర్వహించిరి. ఉద్యోగము, సంసారము మీదపడిన పిమ్మట ఆటలు సాధారణముగా వెనుకబడును. రామస్వామిగారి విషయమున అట్లు జరుగలేదు. కేంబ్రిడ్జిలో ప్రక్కనపెట్టిన బ్యాటును మరల చేతబట్టిరి. మద్రాసు జట్టులో సుస్థిరమైన స్థానము సంపాదించుకొని, ముప్పదియైదేండ్లు దాటిన పిమ్మటను యువకులతో సమానముగా ఆడుచుండిరి.

1936లో భారత జట్టు ఇంగ్లండు యాత్రకు బయలుదేరెను. జట్టు నాయకుడు విజయనగర రాజకుటుంబమునకు చెందిన మహారాజకుమారుడు. నాగపురమున స్థిరపడిన తెలుగు కుటుంబమువారైన సి. కె. నాయుడుగారు జట్టులో మేటి ఆటగాడు. మద్రాసు నుండి రామస్వామిగారితోపాటు ఎం. జె. గోపాలన్ కూడ ఎంపికయ్యెను. హాకీ జట్టుతో బెర్లిను ఒలింపిక్సునకు పోవు అవకాశమును వదలుకొని క్రికెట్టు యాత్రకు వచ్చినవాడు గోపాలన్. ఆ యాత్రలో అతనికి ఒక్క టెస్టుననైనను చోటు దొరకలేదు. నాయకునకును, ప్రముఖ ఆటగాండ్రకును పొసగక జట్టు కక్షలతో చీలియుండెను. లాలా అమరనాథును యాత్ర నడుమనే స్వదేశమునకు పంపివేసిరి. ఇట్టి సంక్షోభము నడుమ జూను 16వ తేదీన రామస్వామిగారికి పరదేశముననే నలువది యేండ్లు నిండెను.

జూలై 25న మాంచెస్టరు నగరపు ఓల్డ్ ట్రాఫర్డు మైదానమున రెండవ టెస్టు ప్రారంభమయ్యెను. పదునేడు సంవత్సరములకు పూర్వము విద్యార్థిగా వచ్చినప్పుడు క్రికెట్టు జట్టులో స్థానమీయని ఇంగ్లండులో, తలలు నెరయు వయసున, వారు భారతదేశము పక్షమున బ్యాటు పట్టి నిలిచిరి. భారతదేశము పక్షమున తొలి టెస్టు ఆడినవారిలో వయసున వారికంటె పెద్దవారు ఒక్కరే. ఆయన 1933లో బొంబాయిలో ఆడిన రుస్తుంజీ జంషెడ్జీ.

మొదటి ఇన్నింగ్సున భారత జట్టు 203 పరుగులకే కూలిపోగా, వానిలో 40 రామస్వామిగారివి. ఇంగ్లండు ఎనిమిది వికెట్లకు 571 పరుగులు చేసి ఇన్నింగ్సును చాలించెను. 368 పరుగుల లోటుతో భారత జట్టు మరల ఆడవలసి వచ్చెను. ఆ ఆపత్సమయమున విజయ్ మర్చంటు, ముస్తాక్ ఆలీ మొదటి వికెట్టునకు 203 పరుగులు జోడించి చెరియొక శతకము సాధించిరి. వారు వేసిన పునాదిని చెడనీయక రామస్వామిగారు 60 పరుగులు చేసిరి. ఓటమి తప్పదనుకొన్న ఆ పోటీ జయాపజయములు లేక ముగిసెను. ఓవలు మైదానమున జరిగిన మూడవ టెస్టులో భారతదేశము ఓడినను, వారు 29 పరుగులును, పిదప ఓటమి లేకుండ 41 పరుగులును చేసిరి. రెండు టెస్టులలో మొత్తము 170 పరుగులు. సగటు 56కు మించినది. యువకులకును అసూయ పుట్టించు లెక్క ఇది.

వారు ఆడిన టెస్టులు ఆ రెండే. తరువాత రెండవ ప్రపంచయుద్ధము వచ్చి పడెను. భారతదేశము మరల టెస్టు ఆడునప్పటికి 1946వ సంవత్సరమాయెను. అప్పటికి వారికి ఏబది యేండ్లు. అయినను ఆటతో వారి బంధము తెగలేదు. 1952-53లో విజయ్ హజారే నాయకత్వమున వెస్టిండీసునకు పోయిన భారత జట్టునకు మేనేజరుగా వ్యవహరించిరి. 1966లో, డెబ్బదియవ యేట, తమ ఆటల జీవితమును ఆంగ్లమున గ్రంథరూపమున వెలువరించిరి. ఆటగాండ్రు అనేకులు, తాము ఆడిన కాలమును తరువాతి తరమువారి కొరకు గ్రంథస్థము చేసినవారు కొలదిమంది. గ్రంథాలయములను ప్రేమించువారు వారిని ఈ కారణముచేతను స్మరింపవలెను.

వారి అంత్యదశ విషాదకరము. 1985 అక్టోబరు 15వ తేదీన, ఎనుబదితొమ్మిదేండ్ల వయసున, మద్రాసులోని తమ యింటి నుండి వెలుపలికి పోయి మరల తిరిగి రాలేదు. వారు మరణించి యుందురని క్రికెట్టు చరిత్రకారులు నిర్ణయించుకొనిరి. తండ్రి పేర మద్రాసులో బుచ్చిబాబు స్మారక పోటీలు వెలసినవి. కుమారునకు సమాధిస్థలమైనను లేదు.

అయినను వారి జీవితము ఒక పాఠమును మిగిల్చిపోయెను. యౌవనమున దొరకని అవకాశమునకై మనసు చేదు చేసికొనక, చేతికి అందిన పనిని శ్రద్ధతో చేయుచు, మనసు నిలిచిన విద్యను విడువక సాధన చేయువానికి కాలము ఎన్నడో ఒకనాడు తలుపు తీయకపోదు. తీరపు ఇసుకలో తాటిమట్ట పట్టి ఆడు బాలునకును, ఆలస్యముగ అక్షరములు నేర్చి గ్రంథాలయపు మెట్లెక్కు పెద్దకును ఈ పాఠము సమానముగనే వర్తించును.