వెన్నెలను తీర్చిన మార్కస్ బార్ట్లే

చిత్తూరు రామవిలాస సభ నాటకములలో పేరు గాంచి, ఆ ఊరి పేరునే తన పేరునకు ముందుంచుకొనిన నాగయ్యగారిని ఈ సీమలో ఎరుగనివారరుదు. ఆయన నటించిన ‘స్వర్గసీమ’ 1945లో వెలువడినది. దానికి వెలుగునీడలు కూర్చిన ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లేగారి పేరు మాత్రము, తెరపై క్షణకాలము మెరసి మాయమగు అక్షరములలో ఎందరి కంటనో పడకపోయినది.

ఆయన 1917లో ఆంగ్లో ఇండియన్ కుటుంబమున జన్మించిరి. తొలుత టైమ్స్ ఆఫ్ ఇండియా పత్రికకు ఛాయాచిత్రములు తీసి, పిమ్మట వార్తాచిత్రముల కెమేరా పట్టిరి. పత్రికకు ఫొటో తీయువాడు ఉన్న వెలుగుతో సరిపెట్టుకొనవలెను. స్టూడియోలో మొదట ఉండునది చీకటియే. ఏ దీపమును ఎచ్చట నిలుపవలెనో, దేనిని నీడలో విడువవలెనో ఛాయాగ్రాహకుడే నిర్ణయింపవలెను.

ప్రాణములేని వస్తువులను చూపుట మరింత కష్టము. నటుడు కనుబొమ యెత్తియైన దృశ్యమును కాపాడును. బిందె యేమి చేయగలదు? తిరుపతి అంగళ్ల ముందు పేర్చిన ఇత్తడి బిందెలను మిట్టమధ్యాహ్నము చూచినచో తళుకే గాని ఆకారము తెలియదు. ప్రక్కనుండి వచ్చు వెలుగు గుండ్రదనమును చూపును. వెనుకనుండి సోకు సన్నని వెలుగు వస్తువును గోడనుండి విడదీయును. నలుపు తెలుపు ఫిలిములో ఎరుపును ఆకుపచ్చయు ఒకే బూడిదవన్నెగ కనబడుట కలదు. కావున రంగు చేయవలసిన పనియు వెలుగే చేయవలెను.

1957లో కె.వి.రెడ్డిగారి దర్శకత్వమున విజయా సంస్థ నిర్మించిన ‘మాయాబజార్’లోని పెండ్లివిందు ఇందుకు తార్కాణము. గోఖలే, కళాధర్ గార్లు కళాదర్శకులు. ఘటోత్కచుడైన రంగారావుగారి యెదుట భక్ష్యములు రాసులు పోసియుండును. లడ్లు తమంత తామే యెగిరి నోట పడును. మాయ పండవలెనన్న ముందుగ లడ్డు నిజమైన లడ్డుగ తోచవలెను గదా! లడ్డు విషయమున తిరుపతివారిని మోసగించుట సులభము కాదు. ఆ చిత్రముననే పడవపై శశిరేఖాభిమన్యుల విహారమునకు ఆయన తీర్చిన వెన్నెల కృత్రిమమని చెప్పినను నమ్మబుద్ధి కాదు.

‘పాతాళభైరవి’, ‘మిస్సమ్మ’, ‘గుండమ్మ కథ’ ఆయన ఛాయాగ్రహణమే. 1965 నాటి మలయాళ చిత్రము ‘చెమ్మీన్’లో సముద్రమును రంగులలో చూపిరి. 1993లో కీర్తిశేషులైరి.

2010లో ‘మాయాబజార్’ రంగులద్దుకొని మరల వెలువడినది. విందు దృశ్యమునకు రంగులు కొంత శోభ నిచ్చినవి. వెన్నెలకు మాత్రము వాని యవసరము కనబడదు.