మాసాబ్ కాదు... మా సాహెబా!

పెళ్ళయి హైదరాబాదు వచ్చిన కొత్తలో మేం మాసాబ్ ట్యాంక్‌లో రెండు గదుల పోర్షన్‌లో అద్దెకుండేవాళ్ళం. పదకొండేళ్ళు అక్కడే కాపురం. ఎవరో సాబ్ తవ్వించిన చెరువు కాబోలు, అందుకే ఆ పేరు అనుకునేదాన్ని. అది ఒక అమ్మ పేరని మొన్నీమధ్యే తెలిసింది.

మా అమ్మాయికి హైటెక్ సిటీలో ఉద్యోగం. దానికోసం మేమూ అటే మారాం. దాని ఆఫీసు దగ్గరున్న దుర్గం చెరువు నుంచే ఒకప్పుడు గోల్కొండకి మంచినీళ్ళు వెళ్ళేవట. ఓ ఆదివారం పాత ఇరుగుపొరుగుని చూసి తిరిగొస్తూ, టోలిచౌకి దగ్గర కుతుబ్‌షాహీ సమాధులు చూద్దామని దిగాం. సుల్తానుల సమాధులకి ఏమాత్రం తీసిపోకుండా అక్కడ ఓ ఆడమనిషి సమాధి, పక్కనే పెద్ద మసీదు! అది హయత్ బక్షీ బేగందనీ, జనం ఆవిడని మా సాహెబా అని పిలుచుకునేవారనీ అక్కడివాళ్ళు చెప్పారు. మా సాహెబా నోళ్ళలో నాని మాసాబ్ అయిందన్నమాట! ఇక ఆవిడ గురించి దొరికిందల్లా చదివాను.

చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షాకి ఒక్కగానొక్క కూతురు. 1607లో బాబాయి కొడుకు మహమ్మద్‌తో పెళ్ళయింది. 1612లో తండ్రి పోయాక భర్త గద్దెనెక్కాడు. 1626లో ఆయనా కన్నుమూశాడు. కొడుకు అబ్దుల్లాకి అప్పటికి పన్నెండేళ్ళే. కొడుకు పేరుమీద రాజ్యభారం తల్లి మోసింది.

ఆ కొడుకు చిన్నప్పుడు ఎక్కిన ఏనుగు మదమెక్కి అడవిలోకి పారిపోయిందట. బిడ్డ క్షేమంగా వస్తే ఏనుగు గొలుసంత బంగారు గొలుసు హుస్సేనీ ఆలంలో సమర్పిస్తానని మొక్కుకుందట. పిల్లాడు తిరిగొచ్చాడు, మొక్కు తీరింది. మొహర్రంలో లంగర్ ఊరేగింపు అలా మొదలైందని చెప్పుకుంటారు. మొక్కుకునే దగ్గర రాణులైనా మనమైనా ఒకటే కదా!

అసలు పరీక్ష 1656లో వచ్చింది. అప్పటికి ఔరంగజేబు ఇంకా పాదుషా కాలేదు, దక్కను సుబేదారు. ముందు కొడుకు మహమ్మద్ సుల్తాన్‌ని పంపాడు. సైన్యం హైదరాబాదుని దోచుకుంది. అబ్దుల్లా గోల్కొండ కోటలో తలదాచుకున్నాడు. ముట్టడి మొదలైంది. అప్పుడు కోట దాటి శత్రువు డేరాకి వెళ్ళింది ఎవరనుకున్నారు? మనవరాళ్ళు పెళ్ళీడుకొచ్చిన ఆ పెద్దావిడ! కొడుకు తరఫున ఔరంగజేబుతో స్వయంగా మాట్లాడింది. కోటి రూపాయలు చెల్లించాలని, ఓ మనవరాలిని మహమ్మద్ సుల్తాన్‌కి ఇవ్వాలని ఒప్పందం కుదిరింది. షాజహాన్ నుంచి వెనక్కి రమ్మని ఆజ్ఞలు కూడా రావడంతో ముట్టడి ఎత్తేశారు. గోల్కొండ 1687 దాకా నిలబడింది.

ఇక్కడే నా మనసు కాస్త చివుక్కుమంది. ఊరు నిలిచింది, కొడుకు గద్దె నిలిచింది. దానికి మూల్యం ఒక ఆడపిల్ల. ఆ పిల్ల మొగుణ్ణి తర్వాత కన్నతండ్రే ఖైదులో వేశాడు. 1676లో ఖైదులోనే పోయాడు. మనవరాలిని పంపుతున్నప్పుడు ఆ నాయనమ్మ గుండె ఎలా ఉండుంటుందో! తప్పనాలో ఒప్పనాలో నాకు తోచలేదు. కానీ మగవాళ్ళ కత్తులు పనిచెయ్యని చోటికి ధైర్యంగా నడిచి వెళ్ళిందన్నది మాత్రం నిజం.

1667లో ఆవిడ కన్నుమూసింది. హయత్‌నగర్ ఆవిడ పేరే. మాసాబ్ ట్యాంక్ చెరువు తవ్వించింది ఆవిడ కాదు, అత్తగారు ఖానం ఆగా అనేవాళ్ళూ ఉన్నారు. అత్తయినా కోడలైనా ఆడమనిషే! ఇప్పుడు చెరువు లేదు, ఆ చోట చాచా నెహ్రూ పార్కులో పిల్లలు ఆడుకుంటున్నారు. పేరొక్కటే మిగిలింది, అదీ సాబ్‌గా మారిపోయి.

మా అమ్మాయి ఇప్పుడు ఆటో ఎక్కితే మా సాహెబా ట్యాంక్ అనే అంటోంది. ఆటోవాళ్ళు తెల్లబోతున్నారట! మీరుండే వీధికి ఆ పేరు ఎలా వచ్చిందో మీరూ ఓసారి అడిగి చూడండి. ఏ అమ్మ పేరు దాగుందో!