ఏడాదికని వెళ్లిన వకీలు

సూరత్ సమీపాన ఉన్న జోల్వాలో, బట్టల మిల్లుల నడుమ తెలుగు మాట వినిపించి ఆగాను. ఒక్క సీజను పనికని ఓరుగల్లు వైపునుండి వచ్చి అక్కడే స్థిరపడిన నేతకార్మికుడతడు. ఢిల్లీకి తిరిగివస్తూంటే అదే గుజరాత్‌నుండి వలసవెళ్లిన మరొకరు జ్ఞాపకం వచ్చారు.

1893 ఏప్రిల్‌లో గాంధీజీ బొంబాయిలో ఓడ ఎక్కింది దేశసేవకు కాదు, ఉద్యోగానికి. దక్షిణాఫ్రికాలో పోర్‌బందరు వర్తకుల దావా, ఏడాది గడువు, 105 పౌన్లు, దారిఖర్చులు. వకీలువృత్తి సాగని 23 ఏళ్ల యువకునికి అదే పదివేలు. దావా రాజీతో ముగిసింది. 1894లో వీడ్కోలు విందునాడే, నేటాల్‌లో భారతీయుల ఓటుహక్కు తొలగించే బిల్లు వార్త ఆయన కంటబడింది. నెల రోజులు ఆగమన్నారు, ఆగారు. మధ్యలో స్వదేశానికి వచ్చిపోయినా, ఆ నెల 1914 వరకు సాగింది.

మద్రాసు రేవునుండి నేటాల్ చెరకుతోటలకు వెళ్లిన కూలీలకు ఆ వెసులుబాటు లేదు. వారిలో మన తెలుగువారూ ఎందరో. అయిదేళ్ల ఒప్పందం తీరాక అక్కడే నిలిచేవారిపై 1895 చట్టం ఆడ, మగ తేడా లేక తలకు ఏటా 3 పౌన్ల పన్ను వేసింది. ఒప్పంద కూలీ మొదటి ఏటి జీతం నెలకు 10 షిల్లింగులు, అనగా సంవత్సరానికి 6 పౌన్లు. భార్యాభర్తల పన్నుకు అది సరి! మారిట్జ్‌బర్గ్ రైలు ఘట్టాన్ని అందరూ చెబుతారు. నాకు మాత్రం ఈ 3 పౌన్ల లెక్కే పెద్దదనిపిస్తుంది.

1913లో బొగ్గుగని కూలీలు ఆయన వెంట ట్రాన్స్‌వాల్ వైపు నడిచారు. తోటలలోనూ పని నిలిచింది. మరుసటేడు పన్ను రద్దయింది. ఆ జులైలోనే గాంధీజీ సతీసమేతంగా ఓడ ఎక్కారు. కూలీలలో అనేకులు తిరిగిరాలేదు. వారి సంతతి నేటికీ డర్బన్ పరిసరాలలో ఉన్నది.