జి.డి.నాయుడు

గోపాలస్వామి దొరస్వామి నాయుడు (1893 మార్చి 23 - 1974 జనవరి 4) తమిళనాడులోని కోయంబత్తూరుకు చెందిన తెలుగు పారిశ్రామికవేత్త, యంత్ర నిర్మాత. జి.డి.నాయుడుగా ప్రసిద్ధుడు. ఈయనను భారతదేశపు ఎడిసన్ అని పిలుస్తారు. ప్రాథమిక విద్యతోనే చదువు ఆపివేసిన ఈయన, ఒక పాత మోటారు సైకిలును విప్పి బిగించడం ద్వారా యంత్రవిద్య నేర్చుకొని, తరువాత ఒక ఇంజనీరింగు కళాశాలకు ప్రిన్సిపాలు అయ్యాడు.

బాల్యం

కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో, తెలుగు మాతృభాషగా గల రైతు కుటుంబంలో జన్మించాడు. పూర్వం ఆంధ్ర ప్రాంతం నుండి వలస వెళ్ళిన ఇటువంటి కుటుంబాలు ఆ పరిసరాలలో నేటికీ చాలా ఉన్నాయి. బడిచదువు ఆయనకు రుచించలేదు.

రడ్జ్ మోటారు సైకిలు

ఒక ఆంగ్లేయ రెవెన్యూ అధికారి నడిపే రడ్జ్ మోటారు సైకిలును చూసి నాయుడు ముగ్ధుడయ్యాడని, కోయంబత్తూరులో ఒక హోటలులో సర్వరుగా పనిచేసి, డబ్బు కూడబెట్టి ఆ బండినే కొన్నాడని చెబుతారు. కొన్న తరువాత దానిని భాగాలుగా విడదీసి, తిరిగి అమర్చి, ఏ భాగం ఏమి చేస్తుందో తెలుసుకున్నాడు.

రడ్జ్-విట్‌వర్త్ ఇంగ్లండులోని కోవెంట్రీకి చెందిన సైకిళ్ళ సంస్థ. 1911లో మోటారు సైకిళ్ళ తయారీకి దిగింది. తొలి బండ్లలో 499 సి.సి. ఒంటి సిలిండరు ఇంజను ఉండేది. చక్రానికి శక్తి బెల్టు ద్వారా అందేది. అటువంటి బండిని సరిగా నడపాలంటే ముందు కార్బురేటరు అర్థం కావాలి. ఇంజను పీల్చే గాలి ఇరుకు మార్గం గుండా పోయేటప్పుడు అక్కడ పీడనం తగ్గుతుంది. అప్పుడు జెట్ అనే సన్నని రంధ్రం నుండి పెట్రోలు తుంపరలుగా లేచి గాలిలో కలుస్తుంది. బరువు ప్రకారం ఒక పాలు పెట్రోలుకు సుమారు 15 పాళ్ళ గాలి కావాలి. పెట్రోలు తగ్గితే ఇంజను వేడెక్కి, కార్బురేటరు వైపు ఎదురుకొడుతుంది. ఎక్కువైతే నల్లని పొగ వచ్చి ప్లగ్గుకు మసి పడుతుంది. కార్బురేటరుకు, సిలిండరుకు మధ్య జాయింటు వదులైతే జెట్ ఎంత మార్చినా ప్రయోజనం ఉండదు. ఆనాటి బండ్లలో గాలికి, మిశ్రమానికి సాధారణంగా వేరువేరు మీటలు ఉండేవి. దారిని, ఎండను బట్టి నడిపేవాడే వాటిని సరిచేసుకోవలసి వచ్చేది. మెకానిక్కు దొరకని ఊళ్ళలో యజమానే మెకానిక్కు.

బస్సులు, పరిశ్రమలు

కొంతకాలం పత్తి వ్యాపారం చేసి నష్టపోయాడు. 1920లో రాబర్ట్ స్టేన్స్ అనే ఆంగ్లేయ వ్యాపారి సహాయంతో ఒక బస్సు కొని, పొల్లాచ్చి - పళని మధ్య తానే నడిపాడు. అదే క్రమంగా యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద రవాణా సంస్థ అయింది. 1937లో డి.బాలసుందరం నాయుడుతో కలిసి విద్యుత్ మోటారును తయారుచేసాడు. దేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారు ఇదేనని చెబుతారు. రసంత్ అనే విద్యుత్ క్షౌర యంత్రం, కిరోసిను ఫ్యాను, పండ్ల రసం తీసే యంత్రం ఆయన ఇతర నిర్మాణాలు.

1952లో రెండు సీట్ల పెట్రోలు కారును రూపొందించి, 2,000 రూపాయలకే అందించవచ్చునన్నాడు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వకపోవడంతో అది మార్కెట్టుకు రాలేదు. ఆయన ప్రయత్నాలలో ఎక్కువ నష్టం కలిగించినది బహుశా ఈ నిరాకరణే.

విద్యారంగం

అప్పటి మద్రాసు గవర్నరు పేరిట కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, 1945లో ఇంజనీరింగు కళాశాల ఏర్పడడానికి నాయుడు తోడ్పడ్డాడు. కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉంటూ, నాలుగేళ్ళ కోర్సు విద్యార్థుల కాలాన్ని వృథా చేస్తున్నదని, రెండేళ్ళలో అదే విద్య నేర్పవచ్చునని ప్రతిపాదించాడు. ప్రభుత్వం అంగీకరించకపోవడంతో రాజీనామా చేసాడు. ఆ కళాశాలే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల. అక్కడ కోర్సు ఇప్పటికీ నాలుగేళ్ళే.