బానిసగా పుట్టాడు.. సత్తువ పోయిన నేలకు ప్రాణం పోశాడు! ఈ పల్లీల శాస్త్రవేత్త ఎవరో తెలుసా?

పల్లీలంటే మనకు టైంపాస్. కానీ ఒకప్పుడు అమెరికాలో పేద నల్లజాతి రైతులకు అవే దారి చూపించాయి. దాని వెనకున్న శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్.

1864 ప్రాంతంలో మిస్సోరిలో బానిసగా పుట్టారు. పసికందుగా ఉండగానే దుండగులు తల్లితో సహా ఎత్తుకెళ్లారు. బిడ్డ దొరికాడు.. తల్లి ఆచూకీ మాత్రం తెలియలేదు. కట్ చేస్తే.. అయోవాలో వ్యవసాయ శాస్త్రంలో పీజీ!

1896లో అలబామాలోని టస్కిగీ విద్యాసంస్థకు వచ్చారు. ఏళ్ల తరబడి పత్తే వేయడంతో అక్కడి నేల సత్తువ కోల్పోయింది. కౌలు రైతులు అప్పుల్లో కూరుకుపోయారు. ఎరువు కొనే స్తోమత లేదు. పత్తి వేసిన చేలో పల్లీ, బొబ్బర్లు మార్చి వేయమన్నారు కార్వర్. కారణం సింపుల్. వీటి వేళ్ల బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. నేలకు బలం, ఇంటికి తిండి! రాలిన ఆకులు, చిత్తడి మట్టితో ఎరువు చేయడమూ నేర్పారు.

రైతులు కాలేజీకి రాలేరు కదా? అందుకే 1906లో బండి కట్టించి బడినే ఊళ్లకు పంపారు. 1916లో పల్లీతో 105 రకాలు ఎలా వండాలో చిన్న పుస్తకం తెచ్చారు. అన్నట్టు, పీనట్ బటర్ కనిపెట్టింది ఈయనే అన్న ప్రచారం నిజం కాదు.

1943 జనవరి 5న కన్నుమూశారు. దాచుకున్న డబ్బు టస్కిగీలో పరిశోధనలకే రాసిచ్చేశారు.