డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

ఆంధ్రుల మేధాశక్తిని ప్రపంచానికి చాటిన మహనీయులలో డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అగ్రగణ్యులు. ఆయన 1895లో భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్‌లో మూడవ ప్రయత్నానగాని ఉత్తీర్ణులు కాలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహానికి గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో తృప్తిపడవలసి వచ్చింది. సోదరులిద్దరు స్ప్రూ అనే గ్రహణి వ్యాధికి బలియైన దుఃఖమే ఆయనను పరిశోధనవైపు నడిపించింది.

బోస్టన్ చేరి, హార్వర్డులో ఫిస్క్ పండితునితో కలిసి శరీరంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. కండరాలకు శక్తినిచ్చే ఏ.టి.పి.ని గుర్తించారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. ఆయన నాయకత్వాన 1945లో ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారైంది. సోదరులను బలిగొన్న స్ప్రూకు అది ఔషధమైంది.

ఆ విటమిన్ కథ అంతటితో ముగియలేదు. కొందరు శిశువులు దానిని ప్రేగులనుండి గ్రహించలేని లోపంతో జన్మిస్తారు. కొద్ది నెలలకే పాండురోగం, విరేచనాలు, నోటిపూత, తీవ్రమైన న్యుమోనియా పైబడతాయి. రోగనిరోధకశక్తి పుట్టుకతోనే లోపించిన బిడ్డవలె కనిపిస్తారు. అందుకు కారణమైన జన్యువును 2006లో కనుగొన్నారు. సకాలంలో గుర్తించి ఫోలినిక్ ఆమ్లం ఇస్తే నిరోధకశక్తి తిరిగి వస్తుంది. ఆలస్యమైతే మెదడు దెబ్బతింటుంది.

ఇట్టి వ్యాధులు అరుదైనవే. కాని తల్లిదండ్రులిద్దరి నుండి ఒకే లోపం సంక్రమించినప్పుడు కలిగేవి గనుక, దగ్గరి సంబంధాలలో వీటికి అవకాశం హెచ్చు. మేనరికాలు, పినతల్లి పెదతండ్రి బిడ్డల వివాహాలు మన వెల్దుర్తి, మాచర్ల ప్రాంతాల హిందూ ముస్లిం కుటుంబాలకు కొత్తవి కావు. ఒక ఇంట పసిబిడ్డలు వరుసగా మరణిస్తే దానిని దిష్టి అనో, తలవ్రాత అనో సరిపుచ్చుకోరాదు. మాటిమాటికి తీవ్రమైన జబ్బుచేసే బిడ్డను, బరువు పెరగని బిడ్డను వెంటనే పెద్ద ఆసుపత్రికి చేర్చాలి. ఆ ఇంట పూర్వం జరిగిన శిశుమరణాలను దాచక వైద్యునికి చెప్పాలి. ఆ ఒక్క మాటే రోగనిర్ణయానికి దారి చూపవచ్చు.

సుబ్బారావుగారు 1948 ఆగస్టులో న్యూయార్కులో, 53 ఏళ్ళ వయసుననే కన్నుమూశారు. తన ఇంటి మరణాలకు కారణమేమని ప్రశ్నించి, ఆ ప్రశ్నను జీవితాంతం విడువని ధీరుడాయన. విద్యార్థులారా, ఆ ప్రశ్నించే గుణమే మనకాయన ఇచ్చిన ఆస్తి.